మొదటి నీళ్ళు తొట్టికి

నిన్న పక్కింట్లో పోపు వేస్తే నాకు ఆకలైంది. వినేవాళ్ళకు ఇదేం గొప్ప అనిపించవచ్చు. రెండు నెలలుగా నూనె వాసన గాలిలో తగిలితే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నదాన్ని నేను. ఆకలి తిరిగొచ్చింది కాబట్టి కాస్త ధైర్యం కూడా వచ్చింది. జరిగింది రాసుకుందామని కూర్చున్నాను. సోలాపూర్ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివాను. అక్షరాలు అటూ ఇటూ పోతే నవ్వుకోండి, కానీ చెప్పిన మాట మాత్రం మరిచిపోకండి.

మాది భవాని పేట్. ఎప్పుడో మామగారి తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మా ఆయన టవళ్ళ కార్ఖానాలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పని చేస్తాడు. నేను ఇంట్లో బీడీలు చుడతాను. అత్తమ్మకు ఎనభై దాటాయి. ఒక్కగానొక్క కూతురు రేఖను ఇచల్‌కరంజిలో ఇచ్చాం. ఇంతే మా సంసారం.

నా జబ్బు గురించి చెప్పాలంటే ముందు మా వాకిట్లోని తొట్టి గురించి చెప్పాలి. నేను కాపురానికి వచ్చిన రోజుల్లో ఈ ఇంట్లో నూలుకు రంగులు వేసేవారు. ఆ పని మామగారిది. ఆయన చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి, ఎంత రుద్దినా పోయేవి కావు. పెళ్ళిలో అక్షింతలు వేయడానికి ఆయన చేయెత్తగానే రక్తం కారుతోందనుకుని నేను కెవ్వుమన్నాను. అత్తమ్మ ఆ మాట చెప్పి ఇరవై ఏళ్ళు నన్ను ఏడిపించింది. మా సందులో అప్పుడు మోరీలో ఒకరోజు ఎర్రటి నీళ్ళు పారేవి, ఒకరోజు ఆకుపచ్చవి. ఏ ఇంట్లో ఏ చద్దర్ దుప్పటి తయారవుతోందో మోరీ చూసి చెప్పేవాళ్ళం. వాకిలికి ఆ చివర నుంచి ఈ చివర దాకా తడి నూలు చిలపలు కట్టలు కట్టలుగా వేలాడుతుంటే, వాటి కింద నుంచి వంగి నడవడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. మెడ మీద చల్లగా ఒక్కో చుక్క పడేది.

ఆ ఇంట్లో నీళ్ళకొక వరస ఉండేది. మాకు నల్లా నాలుగైదు రోజులకోసారి వస్తుంది. అప్పుడూ రోజూ వచ్చేది కాదు. నల్లా రాగానే మామగారు వాకిట్లోంచి అరిచేవారు. "మొదటి నీళ్ళు తొట్టికి! నడిమి నీళ్ళు ఆకుకు! ఆఖరి నీళ్ళు నోటికి!" రంగు వేసిన నూలును మొదటిసారి జాడించడానికి ఆ రాతి తొట్టి నిండాలి. తర్వాతి నీళ్ళు అత్తమ్మ బీడీ ఆకు తడపడానికి. నల్లా బాగా పారి పారి, నీళ్ళు తేటగా వస్తున్నప్పుడు తాగే కుండలు. ఎందుకట్లా అని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పని ముందు, దాహం తర్వాత అనే పిసినారితనమేమో అనుకున్నాను.

మామగారు పోయాక రంగుల పని ఆగిపోయింది. తొట్టిలో విరిగిన బకెట్లు, తుప్పుపట్టిన ఇనుము చేరాయి. కొన్నేళ్ళు మొదటి నీళ్ళతో అత్తమ్మ వాకిలి కడిగేది. ఆమె నడుం వంగిపోయాక నీళ్ళు పట్టడం నా చేతికి వచ్చింది. నేనేమో తెలివైనదాన్ని కదా! ఈ ఉగాది తర్వాత, అందరూ పెట్టించుకుంటున్నారని నల్లా పైపుకు నేరుగా మోటారు పెట్టించాను. నీళ్ళు వచ్చే వేళకు ముందే బటన్ నొక్కేదాన్ని. పైపులో గుర్రు గుర్రుమని గాలి వచ్చేది, తర్వాత నీళ్ళు. ఆ మొట్టమొదటి ధార తాగే డ్రమ్ములోకి. సందులో అందరికంటే ముందు నా డ్రమ్ము నిండిందని నాకెంత గర్వమో.

అత్తమ్మ గడప మీద కూర్చుని చూసేది. "సుగుణా, మొదటి నీళ్ళు గట్ల నోటికి పడ్తరా ఎవలన్నా?"

"తొట్టి ఏడుంది అత్తమ్మా? రంగు ఏడుంది? కాలం మారింది."

"కాలం మారితే పైపు మారిందా? గదే పైపు, గదే మోరీ పక్క."

నేను విననట్టు డ్రమ్ము మూత పెట్టాను. ఆ రోజు నుంచి ఆమె తనకు వేరే కుండ పెట్టుకుంది. నేను మోటారు ఆపాక, నల్లాలో ఆఖరున సన్నగా వచ్చే నీళ్ళను చెంబుతో పట్టి, పాత పంచెలో వడగట్టి, వాము వేసి కాచి, చల్లారాక ఆ కుండలో పోసుకునేది. గ్యాస్ దండగని నేను గొణిగేదాన్ని.

*

ఏప్రిల్ చివర్లో రేఖను పురిటికి తీసుకొచ్చాం. ఏడో నెల. మొదటి కాన్పు తల్లిగారింట్లోనే కావాలి కదా. దాని కోసం సర్వపిండి చేశాను, ఖారా చట్నీ నూరాను. అది తిన్నదంతా నా చేతిదే. నీళ్ళు మాత్రం వాళ్ళ బాపమ్మ, అంటే మా అత్తమ్మ, కుండలోవే తాగింది. ముసలామె గ్లాసు పట్టుకుని దాని వెనకాల తిరిగేది. "తాగు బిడ్డా, వాము నీళ్ళు. కడుపుల పిలగాడు కుదురుగుంటడు."

నాకు లోపల మండింది, దాచుకోను. నా బిడ్డకు నేను పట్టిన నీళ్ళు పనికిరావా? పొద్దున లేచి మోటారు వేసి, బిందెలు మోసి, ఇంత చేసేది ఎవరు? ఒకరోజు పక్కింటి శకుంతల వదిన వచ్చి మంచినీళ్ళు అడిగితే, రేఖే లేచి బాపమ్మ కుండలోంచి ముంచి ఇచ్చింది. "డ్రమ్ముల నీళ్ళు వాసనొస్తయ్ అత్తా" అని నవ్వింది కూడా. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

ఆ మధ్యాహ్నం రేఖ పడుకుంది. అత్తమ్మ ఇంట్లో కనిపించలేదు. నేను ఆ కుండ ఎత్తి, నీళ్ళన్నీ మోరీలో పారబోసి, నా డ్రమ్ములోంచి ముంచి నిండా పోసి మూత పెట్టాను. 'ఇప్పుడు తాగండి, ఏం తేడా ఉందో చూస్తా' అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అని సామెత ఊరికే పుట్టలేదు. నా విషయంలో అది అక్షరాలా జరిగింది.

సాయంత్రం కుండ చూస్తే సగానికి ఉంది. రేఖ హాయిగా టీవీ చూస్తోంది. నేను గెలిచాననుకున్నాను.

*

మే నెలాఖరు. ఎండకు నీరసం అనుకున్నాను. ఆకు కత్తిరిస్తుంటే వేళ్ళు ఆడలేదు. రోజూ చుట్టే బీడీల్లో సగం కూడా కాలేదు. అన్నం చూస్తే కడుపులో తిప్పేది. మా ఆయనకు ఇష్టమని వంకాయ వేయించబోయి, నూనె కాగేలోపే పెరట్లోకి పరుగెత్తాను. మూడో రోజు రేఖ నా ముఖం రెండు చేతులతో పట్టుకుని వెలుగులోకి తిప్పింది.

"అమ్మా, నీ కండ్లు పచ్చగున్నయేందే?"

సందులో ఆడవాళ్ళు చేరారు. ఒకరు ఆకు పసరు పోసే మనిషి పేరు చెప్పారు, ఇంకొకరు చేతికి దారం కట్టించమన్నారు. మా ఆయన పసరుకు బయల్దేరబోతే రేఖ గుమ్మానికి అడ్డం నిలబడింది. "బాపూ, నువ్వు దవాఖానకు తోల్కపోతవా, నేను తోల్కపోవాల్నా?" ఎనిమిదో నెల కడుపుతో అట్లా నిలబడితే ఎవడు దాటగలడు? ఆటో వచ్చింది.

దవాఖాన వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. ఒళ్ళంతా దురద, కూర్చోలేను, నిలబడలేను. పక్కన ఒక మరాఠీ ఆమె, వయసు నా అంతే ఉంటుంది, తన సంచిలోంచి పాత చద్దర్ తీసి మడత పెట్టింది. "ఘ్యా తాయి, పాఠీలా లావా" అని నా వీపుకూ గోడకూ మధ్య పెట్టింది. ఎన్ని ఉతుకులు చూసిందో, మెత్తగా ఉంది. అంచులో నెమలి బొమ్మ, దానికి ఎరుపు. ఆ ఎరుపు నాకు తెలుసు. మా మామగారి తొట్టిలోదే కావాలని లేదు, ఊళ్ళో ఆ ఎరుపు వేసినవాళ్ళు ఎందరో. కానీ ఆ అంచు మీద చేయి పెట్టగానే నూలు చిలపల కింద వంగి నడిచిన కొత్త కోడలు గుర్తొచ్చింది, మెడ మీద పడిన చల్లటి చుక్క గుర్తొచ్చింది. ఏడుపు ఆగలేదు. ఆమె నొప్పి అనుకుని నా చేయి పట్టుకుని కూర్చుంది. లోపలి నుంచి నా పేరు పిలిచే దాకా వదల్లేదు.

డాక్టరమ్మ మరాఠీ ఆమె. మా పేటలో వైద్యం చేసి చేసి తెలుగు పట్టుకుంది. నా కళ్ళు, నెత్తురు పరీక్ష కాగితం చూసి, "కావీళ్ ఆహే. పచ్చకామెర్లు. నీళ్ళతోని వచ్చింది. ఘాబరూ నకా, తగ్గుతది" అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడామె చూపు నా వెనక నిలబడ్డ రేఖ కడుపు మీద పడింది. ముఖం మారింది.

"ఈమె మీ ఇంట్లనే ఉంటదా?"

"నా బిడ్డ."

"ఇంట్ల అందరిదీ అదే నీళ్ళా?"

రేఖే జవాబిచ్చింది. "లేదు మేడం, నేను మా బాపమ్మ కాచిన నీళ్ళు తాగుత. మొదటి రోజు నుంచి గవే."

"దేవుడు చల్లగా చూసిండు" అంది డాక్టరమ్మ. "ఈ కామెర్లు మామూలు మనిషిని పండబెట్టి వదిలేస్తయ్. కడుపుతోని ఉన్నోళ్ళకు వస్తే తల్లి పానానికే మోసం. ఒక్కసారి కూడా వేరే నీళ్ళు తాగలేదు కదా?"

"తాగలే."

నేను అక్కడే ఉన్నాను. నోట్లో నాలుక ఉంది. ఆ కుండ సంగతి చెప్పవలసిన చోటు అదే, చెప్పవలసిన మనిషి ఎదురుగానే కూర్చుంది. రేఖ ముఖం చూశాను. "తాగినాక ఎన్నాళ్ళకు బయటపడ్తది?" అని మాత్రం అడిగాను.

"నెల, నెలన్నర. ఒక్కోసారి రెండు నెలలు."

ఆ రోజు రేఖకూ నెత్తురు తీశారు. ఏమీ లేదని వచ్చింది. అందరూ సంతోషపడ్డారు. నేను మాత్రం వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. కుండ మార్చిన రోజు నుంచి రెండు నెలలంటే, కాన్పు వేళ దాటి పోతుంది.

*

జూన్ అంతా నేను నడిమి గదిలో పడుకున్నాను. ఒకప్పుడు అక్కడ గుంత మగ్గం ఉండేదట. గుంత పూడ్చి బండలు వేసినా ఆ చోట నేల కొంచెం లోతుగానే ఉంటుంది, చాప సరిగ్గా పరుచుకోదు. పగలంతా పడుకుని సందులోని సాంచాల చప్పుడు వింటూ, దాని కింద పాత మగ్గం చప్పుడు వెతుక్కునేదాన్ని. నా గిన్నె వేరు, గ్లాసు వేరు. రేఖను నా దగ్గరికి రానివ్వలేదు. అది గుమ్మం అవతల కూర్చుని మాట్లాడేది.

దాన్ని అత్తగారింటికి పంపేద్దామని మా ఆయన అన్నాడు. వియ్యపురాలు కూడా మంచిది, పంపండి వదినా, నేను చూసుకుంటానంది. రేఖ వినలేదు. "అమ్మను గిట్ల ఇడిసిపెట్టి పోతనా?" అని కోప్పడింది. అది అట్లా అన్న ప్రతిసారీ నేను గోడవైపు తిరిగేదాన్ని. ఆ నీళ్ళు పోసింది నేనని తెలిస్తే ఇదే మాట అంటుందా?

మా ఆయన ఒక ఆదివారం మోటారు విప్పేశాడు. అప్పుడు చూశాం, పైపుకు మోరీ పక్కన ఒక చోట అతుకు వదులైంది. నల్లాలో నీళ్ళు నిండా ఉన్నప్పుడు అక్కడి నుంచి బయటికి కారుతాయి. ఖాళీ పైపును మోటారు పీలిస్తే మోరీ నీళ్ళు లోపలికి వస్తాయి. నేను గర్వంగా డ్రమ్ముకు పట్టిన మొదటి ధార అది. దానికి డాక్టరమ్మే కావాలా, గడప మీది ముసలామె చెప్పనే చెప్పింది.

మేము అతుకు బాగు చేయించుకున్నాం. మోటార్లు తీయమని మా ఆయన సందులో అందరినీ అడిగి వచ్చాడు. ఇద్దరు తీశారు. మిగిలినవాళ్ళు, "అందరు తీస్తే మేమూ తీస్తం" అన్నారు. ఆ అందరూ ఎవరో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నా కళ్ళ పచ్చదనం మెల్లగా దిగుతోంది. నేను అద్దంలో నా కళ్ళు చూసుకోవడం మానేశాను. గుమ్మం అవతల కూర్చున్న రేఖ కళ్ళనే చూసేదాన్ని. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. పసుపు రంగు చీర కట్టుకుంటే విప్పేయమని గొడవ చేశాను. ఆ రంగు కళ్ళలో పడి నాకు భ్రమ కలిగేది. "అమ్మకు కామెర్లు నెత్తికెక్కినయ్" అని అది నవ్వింది.

జూన్ చివరి వారంలో ఒక పొద్దున, వాకిట్లో మోరీ దగ్గర రేఖ వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

నేను లేచి పరుగెత్తాను. నెల రోజులుగా గోడ పట్టుకుని నడిచినదాన్ని ఎట్లా పరుగెత్తానో తెలియదు. అత్తమ్మ అప్పటికే రేఖ వీపు నిమురుతోంది. "ఏం లేదు, నిన్న మామిడికాయ తొక్కు దండిగ తిన్నది" అంటోంది. రేఖ కూడా ముఖం కడుక్కుని, "మంచిగనే ఉన్న" అని లోపలికి పోయింది. నేను మాత్రం ఆ రాతి తొట్టి అంచు పట్టుకుని కూలబడ్డాను. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"అత్తమ్మా, నేను పాపం చేసిన. నా బిడ్డను నేనే సంపుకుంటున్న. మే నెలల ఒకనాడు నీ కుండల నీళ్ళు పారబోసి డ్రమ్ము నీళ్ళు వోసిన. నీ మీద కోపంతోని వోసిన. అది తాగింది. డాక్టరమ్మ అడిగితే గూడ చెప్పలే."

ముసలామె నా ఎదురుగా నెమ్మదిగా కూర్చుంది. ఆమె కూర్చోవడానికి ఇప్పుడు చాలాసేపు పడుతుంది. ఒక చేయి తొట్టి మీద, ఇంకో చేయి నా భుజం మీద.

"నేను సూసిన" అంది.

"ఏంది?"

"నువ్వు వోసుడు సూసిన. గీ తొట్టి ఎనక నీడకు కూసున్న నేను. ఆకు తడుపుతున్న. నువ్వు కుండ ఎత్తేసినప్పుడు నీ మొఖం సూసిన. మా అత్త మీద కోపమొచ్చినప్పుడు నా మొఖం గూడ గట్లనే ఉండె."

"మరి... ఆ నీళ్ళు?"

"ఆకుకు వోసిన. సగం కుండ ఆకుకే సరిపోయింది. మిగిలింది వాకిట్ల సల్లి, మళ్ళ కాచి వోసుకున్న."

"సాయంత్రం కుండ సగానికుండె."

"గంతనే కాచిన పిల్లా, నీకు గ్యాస్ దండగైతదని."

"ఆ నీళ్ళు మంచియి కావని నీకెట్ల తెలిసె?" అని అడిగాను.

"నాకేం తెలుసు, మంచియో చెడ్డయో. కోపంతోని వోసిన నీళ్ళు కడుపుతోని ఉన్న పిల్లకు తాగిస్తరా ఎవలన్నా?"

"మరి నాకు చెప్పకపోతివి? నెల దినాలు సస్తూ బతికిన."

"చెప్తే నువ్వు సిగ్గుపడ్తవని ఊకున్న" అంది. "నువ్వు గిట్ల లోపల కుములుతున్నవని నాకేమెరుక? ఎనభై ఏండ్లైనా అన్నీ కనవడయి కదనే" అని తన కొంగుతో నా ముఖం తుడిచింది. ఆ కొంగు బీడీ ఆకు వాసన వేసింది. ఆ వాసనకు నాకు వికారం కలగలేదు.

*

జూలై మొదట్లో రేఖకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. దవాఖానలో డాక్టరమ్మకు కుండ సంగతి మొత్తం చెప్పేశాను. ఆమె నన్ను తిట్టింది, తిట్టవలసినంత తిట్టింది. తర్వాత అత్తమ్మ చేయి పట్టుకుని మరాఠీలో ఏదో అంది. అత్తమ్మకు సగమే అర్థమై, మొత్తానికి నవ్వింది.

డాక్టరమ్మ చెప్పిన మాటలు మీకూ చెబుతున్నాను. నల్లా పైపుకు నేరుగా మోటారు పెట్టకండి. మొదటి నీళ్ళు పారనివ్వండి. తాగేవి తెర్లేలా, బాగా మరిగేదాకా కాచుకోండి. కళ్ళు పచ్చబడితే పసరు కోసం తిరగకుండా దవాఖానకు వెళ్ళండి. అక్కడ అడిగినదానికి సిగ్గుపడకుండా నిజం చెప్పండి. చివరిది నేను కలిపాను.

తొట్టి ఖాళీ చేయించాం. విరిగిన బకెట్లు తీసి రుద్దుతుంటే అడుగున రాతి పగుళ్ళలో ఇంకా ఎరుపు ఉంది. మా ఆయన వేలితో గీకి చూసి, "బాపుది" అన్నాడు.

నిన్న నీళ్ళ రోజు. సందు చివర "నళ్ ఆలా!" అని, నల్లా వచ్చిందని ఎవరో అరిచారు. నేను కొంగు నడుముకు బిగించి వాకిట్లోకి వచ్చి, మామగారిలాగే అరిచాను, "మొదటి నీళ్ళు తొట్టికి!" శకుంతల వదిన గోడ మీంచి చూసి, "రంగు లేని ఇంట్ల తొట్టెందుకే?" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఆమె కూడా మొదటి బకెట్టు మోరీలో పారబోయడం నేను చూశాను.

తొట్టి నిండింది. ఆకు తడిసింది. ఆఖరి నీళ్ళు వడగట్టి, వాము వేసి కాచి, చల్లార్చి, బాలింత కోసం కుండ దగ్గరికి తెచ్చాను. కుండ పక్కన అత్తమ్మ కూర్చుని ఉంది. ఇప్పుడది ఆమె కొలువు. గిన్నె ఎత్తబోయేసరికి నా చేయి పట్టుకుని ఆపింది. నా ముఖంలోకి కళ్ళు చికిలించి చూసింది, డాక్టరమ్మ నా కళ్ళలో పచ్చదనం వెతికినట్టే, కోపం ఏమైనా మిగిలిందా అని.

"ఊ, ఇగ వొయ్యి" అని మూత తీసింది.